ఘోషా పడవ

ఆ రోజుల్లో మా హైదరాబాదు రాజ్యానికి సముద్రం తప్ప అన్నీ ఉండేవి. సొంత నాణెం, సొంత తపాలా బిళ్ల, సొంత రైలు. సముద్రం లేని లోటు మాత్రం మా దఫ్తరు పెద్దను, అంటే విలాయతీ సాబును, లోలోపల తొలిచేసేది. ఆయన చదువుకోడానికి ఇంగ్లాండు వెళ్లి, అక్కడ ఏ రేవు ఒడ్డున నిలబడి మురిసిపోయాడో ఏమో, పడవల మీద నంబర్లు, పేర్లు ఎలా కనబడాలో చెప్పే నిబంధనల పుస్తకం ఒకటి పెట్టెలో పెట్టుకుని వచ్చాడు. మోసుకొచ్చినదాన్ని ఎక్కడో ఒకచోట అమలు చేయాలి కదా! నాంపల్లి స్టేషనుకు కూతవేటు దూరంలోని మా దఫ్తరులో కూర్చుని హుస్సేన్ సాగర్ చెరువు మీద అమలు చేశాడు. అక్కడున్నవి కొందరు దొరల, నవాబుల షికారు పడవలూ, చేపలు పట్టేవాళ్ల పుట్టులూ. అయినా సరే, ప్రతి పడవ ముక్కుకు కుడిఎడమల నంబరుండాలి. రెండు పక్కలా పేరుండాలి. నల్లటి రంగు మీద తెల్లటి అక్షరాలు, బెత్తెడు ఎత్తుకు తగ్గకుండా, పొగమంచులో కూడా కనబడాలి. (మా చెరువు మీద నేను చూసిన పొగ రైలింజన్లదే.)

నేనప్పుడు ఆ దఫ్తరులో కచ్చా గుమాస్తాని. కచ్చా నౌకరీ అంటే సాయంత్రం ఇంటికి వెళ్లేటప్పుడు ఉంటుంది, పొద్దున వచ్చేసరికి ఉంటుందన్న నమ్మకం లేదు. గౌలిగూడలో మేనమామ ఇంట్లో ఉండేవాణ్ణి. మామ ఒకే మాట చెప్పేశాడు: "నౌకరీ పక్కా కానీయ్. గప్పటిదాంక నా బిడ్డ దిక్కు సూడకు." ఒకే ఇంట్లో ఉంటూ చూడకుండా ఉండడం ఎంత కష్టమో అనుభవించినవాళ్లకే తెలుసు. సాబు కూడా ఒకే మాట అన్నాడు: చెరువు మీద పడవల పోటీ జరిగే నాటికి అన్ని పడవల మీదా నంబరూ పేరూ కనబడితే నన్ను పక్కా చేస్తాడు, ఒక్క పడవ తప్పినా ఇంటికే.

పుట్టులతో మొదలుపెట్టాను. పుట్టి గుండ్రంగా చాటలా ఉంటుంది, తెడ్డు వేస్తే గిరగిరా తిరుగుతుంది. దానికి ముక్కేది? చేపలాయన తల గోక్కుని, "మీరెటు కూసుంటె గటే ముక్కు, సారూ. నంబరు మీకే ఏస్కోరాదు?" అన్నాడు. నేనా మాట సాబుకు చేరవేస్తే ఆయన పుస్తకం తిరగేసి, చేపలాయన ముఖం ఎటుంటే అటే ముక్కు అని తీర్పు చెప్పాడు. చేపలాయన ముఖం వలను బట్టి తిరుగుతుందని చెప్పే ధైర్యం కచ్చా గుమాస్తాకు ఎక్కడిది!

అసలు చిక్కు గన్‌ఫౌండ్రీ బంగళా దొరతో వచ్చింది. ఈయన పల్లె నుంచి వచ్చి షహరులో స్థిరపడ్డ తెలుగాయనే. కానీ పట్నం గాలి తగిలాక తెలుగు మరిచిపోవడాన్ని ఒక హోదాగా పెట్టుకున్నాడు. (కోపం వస్తే మాత్రం తిట్లన్నీ శుద్ధమైన తెలుగులోనే వచ్చేవి.) పడవ నమోదు చేయించిన రోజు ఏ సంతోషంలో ఉన్నాడో, భార్య పేరు పెట్టాడు: నాంచారమ్మ. ఆ పేరు దఫ్తరు బీరువాలో పడుంటుందని అనుకున్నాడు. పడవ మీద బెత్తెడు అక్షరాల్లో రాయాలని తెలిశాక ఆయనకు చెమటలు పట్టాయి. వాళ్ల ఇంట్లో ఘోషా. దొరసాని బయటికి వస్తే మోటారుకు తెరలు కట్టేవాళ్లు. నమోదైన పేరు మార్చడానికేమో నిబంధన ఒప్పుకోదు.

నేను తనిఖీకి వెళ్లేసరికి పడవ మీద పేరు ఉంది, పేరు మీద ఎర్ర మఖమల్ తెర ఉంది.

"తెర తీస్తేనే కనబడుతుంది దొరా."

"పరాయి మొగోనివి, మా ఇంటి ఆడమనిషి పేరు సదువుతవా? సిగ్గు లేదా నీకు?"

"చదవకపోతే నా నౌకరీ పోతది."

"పోతె ఇంకోటి దొరుకుతది. ఇజ్జత్ పోతె దొరుకుతదా?"

మామ కూతురు కళ్లముందు మెదిలింది. కొన్ని ఉపాయాలు తెలివి వల్ల రావు, పెళ్లి కావాల్సినప్పుడు వస్తాయి. "దొరా, పేరు ఇంగ్లీషులో ఉండాలని గాని, ఉర్దూలో ఉండాలని గాని నిబంధనలో లేదు. తెలుగులో రాయిస్తే?" అన్నాను.

దొర ముఖం విప్పారింది. "అరె వాహ్! తెలుగు ఎవడు సదువుతడు ఈ షహర్ల! రాసినా, రాయనట్టే!" అని నా భుజం తట్టాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రాజ్యంలో దాదాపు సగం జనం మాట్లాడే భాష మఖమల్ తెర కన్నా దట్టమైన పరదా అన్నమాట!

ఆబిడ్స్‌లో దుకాణాల బోర్డులు రాసే పెయింటరుకు తెలుగు రాదు. నేను సుద్దముక్కతో గీసిపెడితే దాని మీద రంగు వేశాడు. సాబు వచ్చి చూశాడు. తెలుగు చదవడం రాదు కనక కొలబద్ద పెట్టి కొలిచాడు. బెత్తెడుకు తగ్గలేదు. "బహుత్ ఖూబ్" అన్నాడు.

పోటీ రోజు కట్ట మీద ఇసుక వేస్తే రాలనంత జనం. పడవలు కదిలాయి. వాటి మీద ఇంగ్లీషు పేర్లు, ఉర్దూ పేర్లు. జనం చూస్తున్నారు కానీ ఎవరి పేరు పెట్టి అరవాలో తెలియక గుసగుసలాడుతున్నారు. ఇంతలో జామకాయల గంప దించుకున్న ఒకాయన కళ్లు చిట్లించి, "అగో, నాంచారమ్మనట!" అన్నాడు. అంతే. చదవడం వచ్చినవాళ్లు చదివారు, రానివాళ్లు విని అందుకున్నారు. "గుంజు నాంచారమ్మా! గట్టిగ గుంజు!" "ఎనకబడకు తల్లీ!" తెలుగెవరికీ రాని షహరు ఒక్క గొంతుతో అరిచింది. పడవ చివరి నుంచి రెండోదిగా వచ్చింది. అయినా ఈలలన్నీ దానికే.

దొర జనాన్ని తోసుకుంటూ నా మీదికి వచ్చాడు. "తెలుగు ఎవ్వనికి రాదంటివి గదరా!"

"ఆ మాట అన్నది దొరవారే."

"నోర్ముయ్! రేపే నీ మీద ఫిర్యాద్ రాస్త. నీ నౌకరీ ఊడగొడ్త!"

నా నోరు అప్పటికే నిబంధనలకు అలవాటుపడి ఉంది. "రాయండి దొరా. కానీ పడవ పేరు రాయకపోతే మా దఫ్తరు ఫిర్యాదు తీసుకోదు."

దొర చేతికర్ర నేలకేసి కొట్టి వెళ్లిపోయాడు.

గండం గడిచిందనుకునేలోగా చెట్టు కింద ఆగిన తెరల మోటారు నుంచి ఒక ముసలి దాసి నా దిక్కే వచ్చింది. "పేరు రాయించిన గుమాస్తావు నువ్వేనా?" ఇంకేముంది, మామ కూతురు దక్కదనుకున్నాను.

"ఔ, నేనే."

"మా దొరసాని ఒక్క మాట అడిగి రమ్మన్నది. ఆమెకు తెలుగొక్కటే వస్తది. తెర సందులకెళ్లి సూస్తె 'నాం' ఒక్కటే అగుపడ్డదట. జర పెద్దగ రాయిస్తవా?"

మర్నాడే ఆబిడ్స్ వెళ్లి పెయింటరును తీసుకొచ్చాను. బెత్తెడు అక్షరాలు జానెడయ్యాయి. దొరసాని మాట కనక దొర అడ్డుపడలేదు. నా నౌకరీ పక్కా అయింది, మామ మాట నిలుపుకున్నాడు. తర్వాత ఆ నౌకరీ నేనే వదిలేసి పత్రికలో చేరాను. ఏళ్ల తరబడి నా పేరు తెలుగులో అచ్చయింది. కొంచెం పెద్దగా వేయమని అడిగినవాడు ఒకడున్నాడు లెండి. పొద్దున్నే నా కళ్లద్దాలు పెట్టుకుని ఆ పేరు వెతుక్కునేవాడూ వాడే.