మూటలక్క చేసిన మొదటి ప్రయాణం

పొద్దున్నే బస్టాండులో సామాన్ల గది షట్టరు ఎత్తగానే మూటలక్క ముందు దేవుడికి దండం పెట్టుకునేది. ఆ తరవాత రాత్రంతా అరల్లో పడి ఉన్న పెట్టెల్నీ సంచుల్నీ ఒక్కొక్కదాన్నే తట్టి, "వేర్ డిడ్ యూ గో?" అని ఇంగ్లీషులో పలకరించేది. ఎక్కడికి వెళ్లొచ్చావమ్మా అని అడగడమన్నమాట. పెట్టె పలకదు కదా! "అలిసిపోయింది పాపం" అని తనే సర్దిచెప్పుకొని పక్కదాని దగ్గరికి నడిచేది. పక్కనే టికెట్ కిటికీ నాది. అద్దం తుడుచుకుంటూ రోజూ ఈ పలకరింపులు వినేదాన్ని.

హమాలీలు ఊరుకుంటారా?

"అక్కా, ఆ నల్లపెట్టె ఏమంటోంది?"

"నీలాగా పని ఎగ్గొట్టి పడుకోలేదట. నిన్నంతా తిరిగొచ్చిందట."

నవ్వులాటగా కనిపించినా ఆ ఇంగ్లీషు వెనక పెద్ద దిగులే ఉంది. సామాన్ల గది ఎత్తేసి ఇనప అరలు పెడతారని, ఎవరి సామాను వాళ్లే పెట్టి తాళం వేసుకుంటారని కబురొచ్చింది. ఇక మూటలక్కకు మిగిలిన దారి విచారణల కిటికీ ఒక్కటే. అక్కడ కూర్చోవాలంటే బయటి ప్రయాణికులతో ఇంగ్లీషులో మాట్లాడటం రావాలి. ఆఫీసరమ్మ పరీక్ష పెడుతుంది. అడిగేది ఒకే ప్రశ్నట: నువ్వు చేసిన ఒక ప్రయాణం గురించి చెప్పు. చెప్పలేకపోతే ఇంటిదారి పట్టడమే. భర్త పోయాడు. ఇంట్లో తనూ, అత్తగారూ. ఆ ఇద్దరి నోట్లోకి నాలుగు వేళ్లూ వెళ్లాలంటే ఈ పరీక్ష గట్టెక్కాలి.

అందుకే మధ్యాహ్నం బస్సులు వెళ్లిపోయి బస్టాండు కాస్త ఊపిరి పీల్చుకునే వేళ ఆమె డ్రైవర్ల విశ్రాంతి గదికి పరిగెత్తేది. వెనకే నేనూ వెళ్లేదాన్ని. అక్కడ ఇనప మంచం మీద కూర్చుని గేరు మాస్టారు ఉచితంగా ఇంగ్లీషు చెప్పేవారు. జీవితమంతా దూరపు బస్సులు నడిపి రిటైరైన మనిషి. చెయ్యి ఊరుకోదు, మాటమాటకీ గేరు వేస్తూనే ఉంటుంది. జరిగిపోయిన సంగతి వచ్చిందంటే చెయ్యి వెనక్కి లాగి, "రివర్సు!" అనేవారు.

ఆయన దగ్గర పుస్తకం లేదు. అందరూ తలా ఒక ప్రయాణం కథ చెప్పాలి, అంతే. దానికి మాత్రం గట్టి షరతులు. ఇల్లు చేరిన ప్రయాణమే చెప్పాలి, ఇంకా దారిలో ఉన్నది చెప్పకూడదు. ఎక్కడో ఒకచోట ఏదో ఒకటి చెడాలి. "చెడని ప్రయాణం కథ కాదమ్మా, టికెట్టు" అనేవారు. పైగా ప్రతి కథా ఒక ఇంగ్లీషు సామెతో నానుడో సుంకంగా చెల్లిస్తేనే గేటు ఎత్తేది.

మాస్టారి కథల్లో మాకందరికీ ఇష్టమైంది పెళ్లికొడుకుది. పెళ్లివారి బస్సు టీ కొట్టు దగ్గర ఆగింది. మాస్టారు బస్సు తీశారు, పెళ్లివారు నిద్రపోయారు, పెళ్లికొడుకు దిగిన సంగతి అందరూ మరిచారు. డ్రోవ్, స్లెప్ట్, ఫర్గాట్. పైన కుండపోత. "రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్" అన్నారు మాస్టారు.

"వానలో కుక్కలూ పిల్లులూ ఎందుకు పడతాయి మాస్టారూ?" అంది మూటలక్క.

"మన వానలో కుండలెందుకు పోతాయమ్మా?"

తీరా బస్సు పెళ్లి పందిరి చేరేసరికి పెళ్లికొడుకు అక్కడ కుర్చీలో ఉన్నాడు. పాలవ్యానులో క్యాన్ల మధ్య కూర్చుని ముందే వచ్చేశాడు. "చూశారా, రెండూ జరిగిపోయినవే. కానీ ముందు వచ్చినవాడికి హ్యాడ్ తగిలించాలి" అన్నారు మాస్టారు. అప్పట్నుంచి మా గదిలో దాని పేరు పెళ్లికొడుకు హ్యాడ్.

మూటలక్క కథలూ తక్కువేం కాదు. పడవలో చెప్పు పారేసుకున్న కథ, రైల్లో మేక ఎవరి టోపీనో తినేసిన కథ, ఒకదాన్ని మించి ఒకటి. ఓ మధ్యాహ్నం మేక కథ మంచి పట్టులో ఉండగా అత్తగారు భోజనం క్యారేజీ పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. ఇంగ్లీషు రాకపోయినా, అందరూ పొట్టలు పట్టుకు నవ్వుతుంటే పక్కవాళ్లనడిగి అర్థం చెప్పించుకుంది.

"ఏమే, నువ్వు రైలెప్పుడెక్కావే? నాకు తెలియకుండా ఎప్పుడెళ్లావ్?"

మూటలక్క తల దించుకుంది. ఆమె ఏ రైలూ ఎక్కలేదు, ఏ పడవా చూడలేదు. ఇల్లూ బస్టాండూ, బస్టాండూ ఇల్లూ. ఆ కథలన్నీ సామాను కోసం నిలబడి ప్రయాణికులు చెప్పుకున్నవి. ఊరందరి పెట్టెలూ కాపలా కాసిన మనిషికి తనకంటూ ఒక పెట్టె లేదు.

"పరీక్షలో మేక కథే చెప్పెయ్. బ్రహ్మాండంగా ఉంది" అన్నాను నేను.

"ఇక్కడంటే ఆటకి చెప్పాను వదినా. అన్నం పెట్టే ఉద్యోగం అడగడానికి వెళ్లి అబద్ధమాడితే పైవాడు ఊరుకుంటాడా? నా ప్రయాణం చెప్పమంటే నాదే చెప్పాలి."

మాస్టారు గాల్లోనే గేరు మార్చారు. "అయితే వెళ్లిరా. రేపు తొలి బస్సుకి చివరి స్టాపు దాకా వెళ్లి సాయంత్రానికి వచ్చెయ్" అన్నారు.

"గదిలో ఎవరుంటారు మాస్టారూ? నమ్మి పెట్టిన సామాను."

"నేను లేనా? సంచులు కాయడానికి చదువు కావాలా ఏంటి?" అంది అత్తగారు.

మర్నాడు మూటలక్క వెళ్లింది. సాయంత్రం మొహం వేలాడేసుకుని బస్సు దిగింది, నేను ఎదురెళ్లాను.

"ఏమైందే?"

"ఏమీ కాలేదు వదినా! అదే నా ఖర్మ. డ్రైవరు ముందు సీటిచ్చాడు. కండక్టరు పేరు పెట్టి పిలిచాడు. పక్కావిడ దోవపొడుగునా తినమని పెడుతూనే ఉంది. టైరు మెత్తగా ఉందని బయల్దేరకముందే మార్చేశారు. అందరూ ఎంత మంచివాళ్లో! ఒక్కళ్లూ నాకు కథ మిగల్చలేదు."

అప్పుడు చూసింది సామాన్ల గది వైపు. సామాను కోసం నిలబడ్డవాళ్ల వరస గది ముందునుంచి బస్సుల దాకా సాగింది. డ్రైవర్లు హారన్లు కొడుతున్నారు, ప్రయాణికులు మాత్రం కదలట్లేదు. లోపల అత్తగారు ఒళ్లో ఒక పెట్టె పెట్టుకుని ఎదుటి పెద్దమనిషిని నిలదీస్తోంది.

"నంబరు బిళ్ల చూపిస్తే ఇచ్చేస్తానా? బిళ్ల ఎవరికైనా దొరుకుతుంది. లోపలేముందో చెప్పు నాయనా."

"మా ఆవిడ సర్దింది, నాకేం తెలుసండీ?"

"అయితే ఆవిణ్ణే అడుగు."

ఫోను చేశాడు. భార్య అటునుంచి బనియన్ల దగ్గర్నుంచి దువ్వెన దాకా ఏకరువు పెట్టి, చివర్లో "పొద్దుటి మాత్ర వేసుకున్నారా?" అంది. వేసుకోలేదు. అత్తగారు మంచినీళ్లిచ్చి, అక్కడే మింగించాక గానీ పెట్టె వదల్లేదు. పొద్దుట్నుంచీ ఇదే వరసట. ఒక్క వస్తువు పోలేదు, ఒక్క బస్సు వేళకి కదల్లేదు.

పరీక్ష రోజు వచ్చింది. ఆఫీసరమ్మ గదికీ నా కిటికీకీ మధ్య ఉన్నది చెక్కగోడే. దేవుణ్ణి తలుచుకుంటూ చెవి అటే వేశాను. మూటలక్క మెల్లగా మొదలెట్టింది. వెళ్లాను, కూర్చున్నాను, చూశాను, తిన్నాను. అన్నీ రివర్సు గేర్లోనే. ఎక్కడా తప్పు పోలేదు, ఎక్కడా పస కూడా లేదు.

"అంతేనా?" అంది ఆఫీసరమ్మ. కలం మూత పడిన చప్పుడైంది.

నేను చెవి చెక్కకి ఆనించేశాను. అప్పుడు వినపడింది మూటలక్క గొంతు. తను తిరిగొచ్చేసరికి అత్తగారు బస్సులన్నీ ఆపేసి ఉందని. "మై మదర్-ఇన్-లా హ్యాడ్ స్టాప్డ్ ఆల్ ద బసెస్!" పెళ్లికొడుకు హ్యాడ్! ఇక ఆగలేదు. బనియన్లు, దువ్వెన, మాత్ర, అన్నీ వచ్చాయి. అణువణువూ గాలించింది అనడానికి "షి లెఫ్ట్ నో స్టోన్ అన్‌టర్న్‌డ్" అని సుంకం కూడా కట్టేసింది. చెక్కగోడ అవతల ఆఫీసరమ్మ నవ్వు పొలమారి దగ్గుగా మారింది.

"ఆ రోజు బస్సులు ఎందుకు లేటయ్యాయో ఇప్పుడు తెలిసింది. సోమవారం నుంచి విచారణల కిటికీలో కూర్చో. మీ అత్తగారిని మాత్రం సామాను జోలికి రానీకు."

సోమవారం ఆ కిటికీ దగ్గరికి మొట్టమొదట వచ్చింది గేరు మాస్టారే. "ఏ బస్సు ఎన్నింటికమ్మా?" అని ఆటపట్టించారు. మూటలక్క లేచి నిలబడి చేతులు జోడించింది.

"మాస్టారూ, ఇంకొక్క ఉపకారం చేసిపెట్టాలి."

"చెప్పమ్మా."

"మా అత్తయ్యని చివరి స్టాపు దాకా తీసుకెళ్లి తీసుకురావాలి. ఆవిడా ఎక్కడికీ వెళ్లి ఎరగదు. 'ఈ వయసులో నాకెందుకే తిరుగుళ్లు' అంటోంది గానీ, కిటికీ పక్కన కూర్చుంటే దుమ్ము పడుతుందా అని నిన్నట్నుంచీ అడుగుతూనే ఉంది. ఒంటరిగా పంపితే కండక్టరు సంచి కూడా విప్పించేస్తుంది, మీరు తోడుంటే నాకు నిశ్చింత. తిరిగొచ్చాక మాత్రం కథ మీరు అడగకండి మాస్టారూ. ఎక్కడికెళ్లొచ్చావని ముందు నన్ను అడగనివ్వండి."