బార్లీలోంచి తీపి తీసిన అక్క

సౌదీలోని హాయిల్‌లో, నేను ఇంతకుముందు పనిచేసిన ఇంట్లో, మా వంట అక్క పోయింది. మొన్న శుక్రవారం, సౌదీకి మళ్ళీ వచ్చి జిద్దాలో ఇప్పుడు నేను పనిచేసే ఇంట్లో బట్టలు ఇస్త్రీ చేస్తుంటే హాయిల్ ఇంటి డ్రైవర్ వాయిస్ మెసేజ్ పెట్టాడు. పొయ్యి దగ్గరే కుప్పకూలిందట. అక్కడే ఖననం చేశారట. నేల మీద కూర్చుని ఏడ్చాను. నన్ను అందరికంటే ఎక్కువగా కొట్టిన మనిషి కోసం ఏడ్చాను.

అవును, కొట్టేది. రాయచోటి మనిషి, చెయ్యి ముందు, మాట తర్వాత. నేను చేరిన మొదటి వారమే గరిటెతో మోచేతి మీద ఒకటి ఇచ్చింది. బార్లీ వడకట్టిన గుడ్డను పిండానని.

హాయిల్ ఇంటి పెద్దావిడ పుట్టిల్లు జిద్దా. రంజాన్‌లో ఉపవాసం విడవగానే ఆమెకు సోబియా ఉండాలి, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీతో చేసే తీపి పానీయం. చక్కెర కలిపితే ఒక్క గుటకలో పట్టేసేది. గింజలోంచి వచ్చిన తీపే కావాలి. అక్క బార్లీని మెత్తగా కాకుండా రవ్వలా ఆడించేది. నీళ్ళలో వేలు పెట్టి, ఒకటి రెండు అనేలోపు తీసేయాల్సినంత వేడి ఉంటే చాలు, అందులో రవ్వ కలిపి దుప్పటి కప్పి గంట ఉంచేది. తర్వాత గుడ్డ పరిచిన చిల్లుల గిన్నెలో పోసి, మొదట దిగిన మడ్డి నీళ్ళను మళ్ళీ పైనే పోసేది. తేటపడ్డాక వేడినీళ్ళు కొంచెం కొంచెంగా, మూడు విడతలు.

"ఒగేసారి కుమ్మరిస్తే నీళ్ళు సందు సూసుకోని పారిపోతాయి, తీపి గింజలోనే ఉంటాది. పిండితే వగరు దిగుతాది" అనేది. నాకు రెండు జగ్గులు వచ్చే బార్లీలో ఆమెకు మూడు వచ్చేవి.

అసలు సంగతి నేను ఆ ఇంట్లో చేరి మూడేళ్ళు నిండిన రంజాన్‌లో జరిగింది. పండగ కాగానే నాకూ అక్కకూ ఎగ్జిట్, అంటే దేశం వదిలి ఊరికి వెళ్ళే అనుమతి, ఇస్తామన్నారు. నేను వదిలి వచ్చిన పసిబిడ్డ ఫోన్‌లో నన్ను "సౌదీ ఆమె" అంటోంది. మా పాస్‌పోర్టులు మేడమ్ బీరువాలో ఉన్నాయి. మేడమ్ అంటే పెద్దావిడ కోడలు. తప్పు చేస్తే ఎగ్జిట్ ఉండదని రోజూ వేలు చూపించేది.

చుట్టాలు వస్తున్న రోజు అక్క మాంసం పనిలో ఉంటే బార్లీ నేను పెట్టాను. చిన్నప్పటి నుంచి సంగటి కెలికిన చేయి కదా, మరిగే ఎసట్లో రవ్వ పోసేశాను. జిగురైంది, తీపి రాలేదు. అక్క నాలుకకు రాసుకుని నా చెంప పగలగొట్టింది. పెదవి చిట్లింది.

"మొలక సచ్చిపోయిందే. ఇది సంగటనుకున్యావా?"

గిన్నె కొంచెం చల్లార్చి, మిగిలిన రవ్వ రెండు గుప్పెళ్ళు కలిపి కప్పింది. "గంటుంటే తీపి మల్లా వస్తాది" అంది. ఉపవాసం విడిచే అజాన్‌కు గంట టైం కూడా లేదు, ఉన్నదే వడకట్టి జగ్గులో పోసింది.

మేడమ్ వచ్చి రుచి చూసి, జగ్గును గోడకేసి కొట్టింది. లావాటి చెక్క గరిటె అందుకుని "మీన్?" అని అరిచింది, ఎవరు చేశారని. నేను నోరు తెరిచాను. అక్క మడమతో నా పాదం తొక్కిపెట్టి "అనా" అంది, నేనేనని. ఒక దెబ్బ భుజం మీద పడింది, ఇంకొకటి చేతి మీద. మణికట్టు విరిగిన చప్పుడు విన్నాను. మూడో దెబ్బకు అక్క ఎడమ చేత్తో గరిటె లాక్కుని బండకేసి రెండు ముక్కలు చేసింది.

"ఇంగోసారి లేపితే ఇరిగేది కట్టె గాదు" అంది తెలుగులోనే. మాట తెలియకపోయినా మేడమ్ ఒకడుగు వెనక్కి వేసింది.

అక్క ఎగ్జిట్ ఆ రోజే ఆగిపోయింది. నిజం చెప్పేస్తానన్నాను.

"సెప్తే నాలిక కోస్తా. నాకెవురున్నారని పోవాల?"

ఆమెకు చెల్లెలు ఉందని, చెల్లెలి పిల్లలు ఈమె కోసం ఎదురుచూస్తున్నారని నాకు తెలుసు. తెలిసీ నోరు మూసుకున్నాను. ఆ బార్లీ చెడగొట్టింది నేను. ఇన్నేళ్ళకు మీతో చెబుతున్నాను.

నేను బయలుదేరిన రోజు దగ్గరికి వెళితే మోచేత్తో తోసింది. "పో. యెనక్కి సూస్తే పండ్లు రాలగొడ్తా."

చూశాను. మా గదిలో నేల మీద కూర్చుని ఉంది. ఊరికని ముందే కట్టిపెట్టుకున్న అట్టపెట్టెను ఒళ్ళోకి లాక్కుని, కట్టు కట్టిన చేయి పక్కకు పెట్టుకుని, దాని తాడు ముడిని పళ్ళతో విప్పుతోంది.