మొదటి నమస్కారం

ఎం ఫోర్ మోటర్‌వే మీదికి ఎక్కే దారిలో ఇండికేటర్ వేశాను. టిక్కు టిక్కుమని ఆ చప్పుడు మొదలుకాగానే అరచేతులకు కొద్దిగా చెమట పట్టింది, ఎప్పటిలాగే. పక్కన కప్పు పెట్టుకునే గుంట ఖాళీగా ఉంది. ఏడాదిన్నర పాటు అందులో ఒక నీళ్ళ సీసా ఉండేది. అది లేకుండా వీధి చివరి దాకా కూడా కారు తీసేవాణ్ణి కాదు. ఇవాళ మా అమ్మాయి అన్విని సెలవులకు ఇంటికి తీసుకురావడానికి లీసెస్టర్ వెళ్తున్నాను. రెండు పెద్ద లారీల మధ్య సందు చూసుకుని మోటర్‌వేలో కలిసిపోయినప్పుడు, ఎప్పటిలాగే డాక్టర్ హేమ గారు గుర్తొచ్చారు. ఆవిడ సైకాలజిస్టు. ఇంగ్లండులో మేముండే బ్రాక్‌నెల్ తెలుగువాళ్ళలో ఆవిడ గురించి ఒక మాట తిరిగింది, పొగరుబోతు అని. ఆ మాట పుట్టింది నా నోట్లోంచి. అది అబద్ధమని నా చేత్తో రాయాలనే ఇది మొదలుపెట్టాను.

నేనొక సాఫ్ట్‌వేర్ కంపెనీలో డెలివరీ మేనేజర్ని. వయసు యాభైకి దగ్గర పడింది. ఒక శరదృతువు ఉదయం ఇదే మోటర్‌వే మీద ఉన్నట్టుండి గుండె దడదడలాడింది, వేళ్ళు తిమ్మిరెక్కాయి, ఊపిరి అందలేదు. చచ్చిపోతున్నాననుకుని కారు పక్కకు ఆపాను. ఆసుపత్రిలో అన్ని పరీక్షలూ చేసి గుండె భేషుగ్గా ఉందన్నారు. ఆ తర్వాత నేను మోటర్‌వే ఎక్కడం మానేశాను. ఇరవై నిమిషాల్లో చేరాల్సిన చోటికి గంటసేపు చిన్న రోడ్ల మీద రౌండబౌట్లు తిరుగుతూ వెళ్ళేవాణ్ణి. ఎవరైనా అడిగితే ట్రాఫిక్ అనేవాణ్ణి. సీసాతో పాటు పిప్పరమెంట్లు, సగం దించిన అద్దం, పక్క సీట్లో నా భార్య సుజాత, ఇవన్నీ ఉంటే తప్ప స్టీరింగ్ పట్టుకోలేని స్థితికి వచ్చాను. ఈలోగా అన్వికి లీసెస్టర్ యూనివర్సిటీలో సీటు ఖాయమయ్యేలా ఉంది. సెప్టెంబరులో సామాను సర్ది నేనే దింపి రావాలని దాని చిన్నప్పటి నుంచీ నా కోరిక. "డాడ్, ఇట్స్ ఫైన్. ఐ కెన్ గెట్ ద ట్రెయిన్," అంది అది ఒకరోజు, నా మొహం చూడకుండా. ఆ మాట నన్ను కోసేసింది. "చూశావా, అది నీ మీద జాలిపడుతోంది. ఇంకా ఎన్నాళ్ళు దాస్తావు?" అంటూ సుజాత లాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టింది. మా జీపీ, అంటే ఇంటి దగ్గరి డాక్టరు, చెప్పిన కౌన్సెలింగ్ ఫారం ఇద్దరం కలిసి నింపాం.

కొన్ని వారాలకు పిలుపు వచ్చింది. జీపీ క్లినిక్ మేడ మీద చిన్న గది. పడుకోబెట్టే సోఫా ఉంటుందేమో అనుకున్నాను. రెండు మామూలు కుర్చీలు, ఒక గోడ గడియారం, బల్ల మీద టిష్యూల పెట్టె ఉన్నాయి, అంతే. తలుపు మీద పేరు చూసి అప్పటికే సగం చచ్చాను, ఎదురుగా కుర్చీలో మొహం చూసి మిగతా సగం చచ్చాను. మన తెలుగావిడే. లీసెస్టర్లో పుట్టి పెరిగారట. "మీరు తెలుగులో చెప్పండి, నాకు బాగా అర్థమవుతుంది. నేను మాత్రం ఇంగ్లీషులోనే మాట్లాడతాను, నా తెలుగు వింటే మీరు నవ్వుతారు," అన్నారు. నాకు నవ్వు రాలేదు. వేరే ఎవరినైనా ఇప్పించమందామా అనుకుంటుండగా ఆవిడే ఇంగ్లీషులో అన్నారు: "మన ఊరు చిన్నది. మీరు చెప్పింది ఈ గది దాటదు. మీ ప్రాణానికో, ఇంకొకరి ప్రాణానికో ముప్పు ఉంటే తప్ప. ఇంకొక సంగతి. బయట ఎక్కడైనా ఎదురుపడితే నేను ముందు పలకరించను. మీరు పలకరిస్తే పలకరిస్తాను. లేకపోతే మీరెవరో నాకు తెలియదు. తప్పుగా అనుకోకండి."

ఆవిడ సలహాలు ఇస్తారని, ధైర్యం చెబుతారని ఎదురుచూశాను. ప్రశ్నలు అడిగారు. రెండో వారం, "మీ ఇంట్లో తాలింపు పెడితే స్మోక్ అలారం మోగుతుందా?" అన్నారు.

"ఎండుమిర్చి వేస్తే చాలండి."

"అప్పుడు అందరూ ఇల్లు వదిలి పారిపోతారా?"

"లేదండి, తువ్వాలు ఊపుతాం."

"మీ ఒంట్లో అలారం కూడా పాడవలేదు. తాలింపుకు మోగుతోంది. మంటలు లేవని మీ బుద్ధికి తెలుసు, మీ ఒంటికి తెలియాలి. అందుకు మోగినా సరే, ఇంట్లోనే ఉండటం నేర్చుకోవాలి." అలా అని ఊరుకోలేదు. లేచి నిలబడి, ఒక్క నిమిషం గబగబా ఊపిరి పీల్చి వదలమన్నారు. ఆవిడా నాతో పాటు చేశారు. నిమిషం అయ్యేసరికి నా గుండె మోటర్‌వే మీద కొట్టుకున్నట్టే కొట్టుకుంది, కళ్ళు తిరిగాయి. ఆవిడ మొహం ఎర్రబడి, కుర్చీ పట్టుకుని నవ్వుతున్నారు. "చూశారా, ఇద్దరం బతికే ఉన్నాం," అన్నారు.

ప్రతి వారం వెళ్ళగానే ఒక ఫారం నింపాలి. ఎన్ని రోజులు భయం వేసింది, ఎన్ని రోజులు నిద్ర పట్టలేదు, ప్రతి ప్రశ్నకూ సున్నా నుంచి మూడు దాకా అంకె వేయాలి. ఇరవై ఏళ్ళుగా క్లయింట్లకు ప్రాజెక్టు రిపోర్టులు పంపినవాణ్ణి నేను. లోపల పని ఎంత చెడి ఎర్రగా ఉన్నా పైన అంతా బాగుందని పచ్చరంగు వేసి పంపడం చేతికి అలవాటైపోయింది. మొత్తం మొదటి వారం పదిహేను, తర్వాత పన్నెండు, ఆ తర్వాత తొమ్మిది అని తగ్గిస్తూ రాశాను. పాపం కష్టపడుతున్నారు, ఆవిడ మనసు నొప్పించడం దేనికి అనుకున్నాను. ఆఫీసులో మాత్రం గురువారం సాయంత్రాలు నడుం నొప్పికి ఫిజియోథెరపీ అని చెప్పాను. నా సహోద్యోగి ప్రసాద్‌ది అనంతపురం. "నడుమా అన్నా? మా అమ్మ పంపిన నూనె తెచ్చిస్తా, రెండు పూటలా రుద్దుకో," అని మర్నాడే ఒక సీసా బల్ల మీద పెట్టాడు. ఒక అబద్ధానికి రెండు సీసాలు మోయాల్సి వచ్చింది.

అప్పుడే ఉగాది వచ్చింది. ఒక స్కూలు హాలు అద్దెకు తీసుకుని మా సంఘంవాళ్ళు వేడుక చేశారు. కాగితం కప్పుల్లో పచ్చడి పంచుతుంటే ప్రసాద్, నేను వరసలో నిలబడ్డాం. ఎదురుగా హేమ గారు వస్తున్నారు. పక్కన వాళ్ళమ్మ శాంతమ్మ ఆంటీ. ఆంటీ కాకినాడ మనిషి, లీసెస్టర్ ఆసుపత్రిలో నర్సుగా పనిచేసి రిటైరై కూతురి దగ్గరికి వచ్చారు. ఆవిణ్ణి మా సంఘంలో అందరూ ఎరుగుదురు, కూతుర్ని చూసినవాళ్ళు తక్కువ. అలవాటుకొద్దీ నా చెయ్యి నమస్కారానికి సగం లేచింది. హేమ గారి పెదవుల మీద చిన్న నవ్వు మొదలైంది కూడా. పక్కన ప్రసాద్ ఉన్నాడన్న సంగతి గుర్తొచ్చి, ఆ చేత్తోనే తల గోక్కున్నాను. నవ్వు ఆగిపోయింది. ఆవిడ నన్నొక కుర్చీని చూసినట్టు చూసి దాటిపోయారు.

"ఏందన్నా ఆయమ్మ, మనల్ని చూసీ చూడనట్ల పోతాంది? నీకు తెలుసునా?" అన్నాడు ప్రసాద్.

"నాకెలా తెలుస్తుంది? ఇక్కడ పుట్టిన పిల్లలు కదా, మనమంటే లెక్క ఉండదు. పొగరు. పెంపకం అలా ఉంది మరి," అన్నాను. నా గొంతు అవసరానికి మించి లేచింది. వెనక్కి తిరిగితే, పచ్చడి కోసం వెనకబడ్డ శాంతమ్మ ఆంటీ, చేతిలో కప్పుతో. కప్పు బల్ల మీద పెట్టేసి కూతురు వెళ్ళినవైపు వెళ్ళిపోయారు. అప్పుడైనా నేను ఆవిడ వెనక వెళ్ళవలసింది. వెళ్ళలేదు. వారం తిరిగేసరికి పొగరు అన్న మాట నాలుగైదు ఇళ్ళలో వినపడింది.

గురువారం మళ్ళీ ఆ గదికి వెళ్ళాను. హేమ గారు ఏమీ ఎరగనట్టు ఫారం అందించారు. నేనే ఆగలేక, "ఆంటీ మీకు చెప్పే ఉంటారు," అన్నాను.

"మా ఇంట్లో మాటలు ఇక్కడికి తీసుకురాను. మీరు ఏం తెచ్చారో అది మాట్లాడుకుందాం."

అంతా చెప్పాను. తల దించుకుని క్షమించమన్నాను. ఆవిడ, "ఆ క్షణాన గుండె ఎలా కొట్టుకుంది?" అన్నారు. కోపం తెచ్చుకుంటారనుకున్న చోట ఆ ప్రశ్న! మోటర్‌వే మీద కొట్టుకున్నట్టే అన్నాను. "రెండు చోట్లా మీరు చేసింది ఒకటే. భయం వేయగానే దొరికిన మొదటి ఎగ్జిట్‌లో దిగిపోయారు," అన్నారు. తర్వాత నా పాత ఫారాలు తీసి బల్ల మీద వరసగా పరిచారు. "అంకెలు చక్కగా తగ్గుతున్నాయి. ఒక్కసారైనా మోటర్‌వే ఎక్కారా?"

"లేదండి."

"మరి ఇవి ఎవరి కోసం రాశారు?"

కళ్ళలోంచి నీళ్ళు వచ్చాయి. టిష్యూల పెట్టె అక్కడ ఎందుకు ఉంటుందో ఆ రోజు తెలిసింది. చేతిలో ఉన్న ఫారం మొదటిసారి నిజంగా నింపాను. పద్దెనిమిది వచ్చింది. "ఇప్పుడు పని మొదలుపెడదాం," అన్నారు ఆవిడ. ఇంత చెడ్డ మార్కులకు అంత సంతోషించిన మనిషిని నేను చూడలేదు.

ఆ తర్వాత వారానికి ఒకటి చొప్పున నా ఆసరాలు దించేయించారు. ముందు పిప్పరమెంట్లు, తర్వాత అద్దం, తర్వాత సుజాత. "నన్ను మూడోదాన్ని చేశావా?" అని సుజాత నవ్వింది. సీసా అన్నిటికన్నా చివర పోయింది. మే నెలలో ఒక ఆదివారం పొద్దున, ఒక్కణ్ణే, ఎం ఫోర్ మీద పదో జంక్షన్‌లో ఎక్కి పదకొండులో దిగాను. మధ్యలో గుండె మోగింది. "తాలింపు, తాలింపు" అని పైకే అన్నాను. దిగి రౌండబౌట్ చుట్టూ మూడుసార్లు తిరిగాను, ఆనందం పట్టలేక. జూన్‌లో ఆఖరి సమావేశం. మనసులో ఉన్నదంతా చెప్పి ధన్యవాదాలు అన్నాను. "కారు నడిపింది మీరు," అన్నారు హేమ గారు.

సెప్టెంబరులో దుప్పట్లు, ప్రెషర్ కుక్కరు, ఆవకాయ, కారు నిండా సామాను వేసుకుని అన్వితో బయల్దేరాను. ఎం ట్వంటీఫైవ్ మీద వాన, నాలుగు లేన్ల నిండా లారీల తుంపర. లోపల అలారం ఒకసారి గట్టిగా మోగింది. "డాడ్, యూ ఓకే?" అంది అన్వి. "తాలింపు పెడుతున్నానమ్మా," అన్నాను. అది అర్థంకాక నావైపు చూసింది. ఎం వన్ ఎక్కాక మొత్తం చెప్పాను, ఏదీ దాచకుండా. లీసెస్టర్ బోర్డు కనిపించినప్పుడు స్టీరింగ్ మీద దరువేస్తూ గట్టిగా కేక పెట్టాను. "సో ఎంబరాసింగ్," అంటూనే అదీ అరిచింది.

దీపావళికి మళ్ళీ అదే హాలు. హేమ గారు, ఆంటీ కిటికీ దగ్గర నిలబడి ఉన్నారు. ప్రసాద్‌ని చెయ్యి పట్టుకుని వెంట తీసుకెళ్ళాను. అందరూ చూస్తుండగా రెండు చేతులూ ఎత్తి నమస్కారం పెట్టాను. ఆవిడ నవ్వి నమస్కారం పెట్టారు. "ఆంటీ, మీ అమ్మాయి నా సైకాలజిస్టు. నేను పలకరించనిదే పలకరించకూడదన్నది వాళ్ళ పద్ధతి. నా గుట్టు కాపాడటానికే ఆ రోజు ఊరుకున్నారు. పెంపకం గురించి నేనన్న మాట తప్పు," అన్నాను. గొంతు ఉగాది రోజుకన్నా గట్టిగానే పలికింది. నలుగురూ తిరిగి చూశారు, చూడనిచ్చాను.

శాంతమ్మ ఆంటీ నన్ను ఎగాదిగా చూశారు. "ఆ రోజు ఇంటికెళ్ళి దీన్ని ఎంత తిట్టేనో తెల్సా బాబూ? పెద్దాళ్ళకి దణ్ణం పెట్టడం కూడా రాదా నీకూ అని. వారం రోజులు మాటాడలేదండీ దీంతో. అయినా నోరు విప్పితేనా!" అని కూతురి భుజం మీద చెయ్యి వేశారు. హేమ గారు కిటికీలోంచి తారాజువ్వలు చూస్తున్నారు, మా మాటలు తనకు సంబంధించనివి అన్నట్టు. ఆ చెయ్యి మాత్రం ఆంటీ చాలాసేపు తీయలేదు.

కార్ పార్క్‌లో ప్రసాద్ నా వెనకే వచ్చాడు. "అయితే అన్నా, నడుము కాదా?" అన్నాడు. కాదని, జీపీ ఫారం దగ్గర్నుంచి అంతా చెప్పాను. తాళాలు చేతిలో తిప్పుకుంటూ అన్నాడు: "నాకూ లిఫ్టు ఎక్కాలంటే అట్లనే అయితాది. ఆరో అంతస్తుకు మెట్లెక్కి పోతాండా, వ్యాయామం అని చెప్పుకుంట. ఆ ఫారం యాడ నింపాల?" అక్కడే కారు బానెట్ మీద ఫోన్ పెట్టి చూపించాను. "వారం వారం ఇచ్చే ఫారంలో అంకెలు నిజంగానే రాయి, పచ్చరంగు వేయకు," అని చెప్పాను. ఇప్పుడు ప్రసాద్ మూడో అంతస్తు దాకా లిఫ్టులో వస్తున్నాడు. మిగతా మూడూ ఈ నెలలోనట.

హేమ గారితో ఆ తర్వాత ఎక్కువ మాట్లాడింది లేదు. ఆ మధ్య సూపర్‌మార్కెట్లో కూరగాయల దగ్గర కనిపించారు. తన పద్ధతి ప్రకారం బెండకాయలు ఏరుకుంటూ నన్ను చూడనట్టే ఉన్నారు. నేను బుట్ట కింద పెట్టి రెండు చేతులూ ఎత్తాను. ఆవిడ ఎక్కడ ఎదురుపడినా, పక్కన ఎవరున్నా, మొదటి నమస్కారం నాదే.