రెండో కుర్చీ

ఈ ఉదయం గడ్డం గీసుకుంటూ కింది పెదవి దిగువన, గదవ దగ్గర కోసుకున్నాను. పెద్ద గాయమేమీ కాదు గానీ, తెల్ల బనీను మీద రెండు ఎర్ర చుక్కలు కనబడేసరికి మా ఆవిడ బ్లేడు, బ్రష్షు, సబ్బుగిన్నె అన్నీ తీసుకుపోయి బియ్యం డబ్బా వెనక దాచేసింది. రెండేళ్ళుగా నా కుడిచేయి నా మాట వినడం లేదు. చాయ్ పట్టుకుంటే సాసరు గలగలమంటుంది, సంతకం పెడితే బ్యాంకువాళ్ళు నన్నే అనుమానంగా చూస్తారు. నరాల డాక్టరు వణుకు తగ్గడానికి గోళీలు రాశాడు. "ఇగ బజార్ల గీయించుకో పో, నీతోని నాకు చేతనైతలేదు" అని మా ఆవిడ తీర్పు చెప్పింది. నా వయసువాళ్ళకు చెప్పనక్కరలేదు, ఇంట్లో ఇచ్చిన తీర్పు మీద అప్పీలు ఉండదు. చెప్పులు వేసుకుని బయలుదేరాను. ఎవరి దగ్గరికి వెళ్ళాలో ఆలోచించుకోవలసిన పని లేదు, ఎందుకంటే నారాయణఖేడ్ మొత్తంలో నా గడ్డం మీద హక్కున్న మనిషి ఒక్కడే.

అతని సంగతి చెప్పాలంటే ముందు నా ఉద్యోగం సంగతి చెప్పాలి. మనసు చెదిరి, మందులు వాడి కోలుకున్నవాళ్ళకు ఏదో ఒక పని నేర్పి, దాంట్లో కుదిర్చి, నాలుగు కాలాలు నిలబడేలా చూడటం నా కొలువు. ఒక చిన్న సంస్థ ఇచ్చిన ఆర్డరు కాగితం మీద దానికి బారెడు పేరుండేది గానీ బజారులో నన్ను 'పిచ్చోళ్ళ సార్' అనేవాళ్ళు. మొదట్లో మనసు చివుక్కుమనేది. పోను పోను మా నాన్న కూడా నా అడ్రసు అలాగే చెప్పడం మొదలుపెట్టాక బాధపడటం మానేశాను. నెలకొకసారి హైదరాబాదు నుంచి ఒక డాక్టరమ్మ సర్కారు దవాఖానకు వచ్చి మందులు రాసి వెళ్ళేవారు, మిగతా ఇరవైతొమ్మిది రోజులూ నావి. కంగ్టి, సిర్గాపూర్, కల్హేర్ వైపు ఊళ్ళన్నీ నా పాత స్కూటరుకు కంఠతా వచ్చు. ఏ ఇంటి ముందు ఆగితే ఏ తలుపు మూసుకుంటుందో కూడా తెలుసు. ఆ రోజుల్లో ఈ జబ్బు ఉన్న మనిషిని వెనక అర్రలో ఉంచి, అడిగినవాళ్ళకు 'పట్నం పోయిండు' అని చెప్పేవాళ్ళు. ప్రతి ఇంట్లోంచీ ఎవరో ఒకరు కూలికి పట్నం పోయే కాలం కాబట్టి ఎవరూ మళ్ళీ అడిగేవాళ్ళు కాదు.

ఇతను మాత్రం నిజంగానే పట్నం పోయి వచ్చినవాడు. కంగ్టి పక్క పల్లె, నాకంటే పదిహేనేళ్ళు చిన్న, నేను తమ్మీ అని పిలిచేవాణ్ణి కాబట్టి ఇక్కడ కూడా తమ్ముడనే అంటాను. తాతల నాటి నుంచీ క్షౌరం పని చేసే ఇల్లు వాళ్ళది. హైదరాబాదులో ఒక కటింగ్ షాపులో మంచి పనివాడనిపించుకున్నాక, ఎవరో చెవిలో మాట్లాడుతున్నారంటూ నిద్ర మాని, తిండి మాని, చివరికి మనుషుల్ని గుర్తుపట్టలేని స్థితిలో ఇల్లు చేరాడు. తల్లి, అన్న కలిసి దవాఖానకు తీసుకొచ్చారు. తల్లి పుట్టిల్లు బీదర్ వైపు, సంతోషమైనా దుఃఖమైనా ఆమె నోటికి కన్నడమే ముందు వచ్చేది. మందులు బాగా పనిచేశాయి. మూడు నెలలు తిరిగేసరికి చెవిలో మాటలు ఆగిపోయాయి, కుదురుగా కూర్చుని అన్నం తిన్నాడు, తల్లిని చూసి నవ్వాడు. కానీ ఆ మందులకే చేతులు సన్నగా వణికేవి.

మా కేంద్రమంటే బజారు వెనక ఒక అద్దె గది. అక్కడ నేర్పేవి మూడే పనులు: కొవ్వొత్తులు, సుద్దముక్కలు, కాగితం కవర్లు. ఎవరికి ఏం వచ్చో, ఏం కావాలో అడిగే ఆచారం మాకు లేదు, వచ్చినవాడల్లా కొవ్వొత్తులు పోయాల్సిందే. తమ్ముడు పోసిన కొవ్వొత్తుల్లో ఒక్కటీ నిలబడేది కాదు. అయితే కవర్ల కోసం పాత పేపర్లు కత్తిరించమని కత్తెర చేతికిస్తే, ముందు దాన్ని గాలిలో రెండుసార్లు టకటకలాడించి, ఆ తరువాతే కాగితానికి ఆనించేవాడు. నేను నెలరోజులు ఆ చప్పుడు విని కూడా ఏమీ గ్రహించలేదు. చివరికి అతనే నోరు విప్పి, తనకు కొవ్వొత్తులు వద్దు, కుర్చీ కావాలన్నాడు.

కుర్చీ అంటే వాళ్ళన్న దుకాణంలోది. నారాయణఖేడ్ బజారులో వాళ్ళ నాన్న పెట్టిన దుకాణమది. అన్న ఒక కుర్చీ దగ్గర నిలబడేవాడు, నాన్న పోయాక రెండోది ఖాళీగా ఉండేది. అన్న చెడ్డవాడు కాదు, తమ్ముడి మందులకు దవాఖాన చుట్టూ తిరిగినవాడే. కానీ పిచ్చి లేచి వచ్చినవాడి చేతికి కత్తి ఇస్తే తన కుర్చీలో కూడా ఎవరూ కూర్చోరని అతని భయం. నేను వారాల తరబడి వెంటపడితే, నెలరోజులు చూస్తానని ఒప్పుకున్నాడు. ఆ ఉత్సాహంలో నేను తమ్ముడితో ఒక మాట అన్నాను. చెయ్యి వణుకుడు ఆగిన్నాడే నీ కుర్చీలో గిరాకీని కూర్చోబెడదామన్నాను. ఇన్నేళ్ళ కొలువులో వెనక్కి తీసుకోవాలనిపించే మాట ఏదంటే అదే.

మట్టికుండకు సబ్బు నురగ పూసి కత్తితో గీస్తూ సాధన చేసేవాడు. మొదటి రోజుల్లో కుండ మీద కత్తి కటకటమనేది. మూడో వారం వెళ్ళి చూస్తే చప్పుడే లేదు, చేయి రాయిలా నిలబడింది. నేను ఎగిరి గంతేశాను. ఎలా ఆగిందని ఒక్క మాట అడగలేదు. బజారంతా తిరిగి చెప్పుకొచ్చాను, మొదట నేనే కూర్చుని నున్నగా గీయించుకుని, బుగ్గలు నిమురుకుంటూ నాలుగు దుకాణాల ముందు నిలబడ్డాను. సిర్గాపూర్‌లో ఉండే మా మేనమామ నా మాట కాదనలేక మరుసటి సంత రోజు ఆ కుర్చీలో కూర్చున్నాడు.

ఒక చెంప గీయడం అయింది. రెండో చెంప దగ్గర తమ్ముడు ఆగి, పైకి చూసి, ఎవరికో జవాబు చెబుతూ, కత్తి చేత్తోనే సంతలోకి నడిచాడు. జనం అటూ ఇటూ పరుగెత్తారు. సగం ముఖం నురగతో మా మేనమామ నా గదికి వచ్చి, "ఏంరా అల్లుడా, నన్ను ఇట్ల చేద్దామనే కూసోవెట్టినవా?" అన్నాడు. నేను ఉరికి వెళ్ళేసరికి తమ్ముడు నడిరోడ్డు మీద నిలబడి ఉన్నాడు. అంత మంది మధ్యలో నన్ను గుర్తుపట్టి, కత్తిని జాగ్రత్తగా మడిచి నా అరచేతిలో పెట్టాడు. ఎవరికీ గీత కూడా పడలేదు. ఆ సంగతి ఎవరికీ గుర్తులేదు, కత్తి మాత్రం అందరికీ గుర్తుంది. సాయంత్రానికి అన్న రెండో కుర్చీని బోర్లించి మూలకు నెట్టేశాడు.

మర్నాడు వాళ్ళమ్మ పటిక డబ్బా ఒకటి తెచ్చి నా ముందు తెరిచింది. పటిక లేదు, నిండా గోళీలు. దాదాపు ఇరవై రోజులవి, మింగకుండా దాచినవి. "గోళీలేస్తే చెయ్యి వణుకుతుందమ్మా, సారు వణకొద్దన్నడు అని నాతోని అన్నడు. బ్యాడప్పా, బ్యాడ అని నేను మొత్తుకుంటనే ఉన్న" అంది. కన్నడంలో బ్యాడ అంటే వద్దు అని. ఆ తల్లి చెప్పిన వద్దు కంటే నేను చెప్పిన మాటకే వాడు విలువిచ్చాడు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

డాక్టరమ్మ తిట్టలేదు, తిడితే బాగుండేది. వణుకు వల్ల పని పోతుందని అతను ఇంత మథనపడుతుంటే తనకెందుకు చెప్పలేదని మాత్రం అడిగారు. మందు మార్చి, మోతాదు మార్చి చూశారు. మళ్ళీ కుదురుకోవడానికి ఆరు నెలలు పట్టింది. వణుకు చాలావరకు తగ్గింది, పూర్తిగా పోలేదు. నేను అన్న దగ్గరికి వెళ్ళి, జరిగిన దాంట్లో తమ్ముడి తప్పు లేదని, తప్పంతా నాదని ఒప్పుకున్నాను. అన్న అద్దం తుడుస్తున్న గుడ్డను భుజాన వేసుకున్నాడు. "తప్పు నాదంటున్నవ్ గదా సారూ, అయితే మెడ గూడ నువ్వే వెట్టు" అని రెండో కుర్చీని లేపి నిలబెట్టాడు.

నిజం చెబుతున్నాను, నాకు భయమేసింది. మొదటిసారి కూర్చున్నప్పుడు గర్వం తప్ప ఏమీ లేదు. ఈసారి అద్దంలో ఆ చేయి నా గొంతు వైపు వస్తుంటే, సన్నగా వణకడం కనబడుతుంటే, మా ఆవిడ, పిల్లలు అందరూ వరసగా గుర్తొచ్చారు. అయినా ఆ వణుకంటే గోళీ కడుపులో ఉందని అర్థం కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. తమ్ముడు ఎడమచేత్తో కుడి మణికట్టును ఆసరాగా పట్టుకుని మెల్లగా గీశాడు. గదవ దగ్గర చిన్నగా తెగింది. రక్తం చూసి కత్తి బల్ల మీద పెట్టేసి, తనతో కాదన్నాడు. బయట జనం గుమిగూడి చూస్తున్నారు. "పటిక రాయి, ఇంకో పక్క గియ్యి. సగం గడ్డంతోని పోతే మీ వదిన ఇంట్లకు రానియ్యది" అన్నాను. నా గొంతు కూడా వణికింది, దానికి మందు లేదు. తమ్ముడు నవ్వుతూనే కళ్ళు తుడుచుకుని, పటిక రాసి, రెండో చెంప పూర్తి చేశాడు. నేను లేచేలోగా గుంపులోంచి మా మేనమామ వచ్చాడు. ఆరు నెలలుగా ఆ కుర్చీ మీద అలిగి ఉన్న మనిషి. "జరుగు అల్లుడా, నాది సగం మిగిలింది" అంటూ కూర్చున్నాడు. ఆయన మీద నాకున్న ప్రేమంతా ఆ ఒక్క మాట మీదే నిలబడి ఉంది.

ఆ తరువాత ఏళ్ళ తరబడి, వారానికోసారి ఆ కుర్చీలో కూర్చునేవాణ్ణి. నురగ పూసే ముందు గోళీ వేసుకున్నావా తమ్మీ అని అడిగేవాణ్ణి. అతను చేయి చాపి చూపించేవాడు, అది కొంచెం వణికేది, నేను మెడ ఎత్తేవాణ్ణి. రిటైరయ్యాక, ఇంటి నుంచి బజారుకు నడవడానికి బద్ధకించి నేనే ఇంట్లో గీసుకోవడం మొదలుపెట్టాను.

ఈ ఉదయం వెళ్ళేసరికి దుకాణంలో ఏసీ, పెద్ద అద్దాలు, కొత్త కుర్చీలు. అన్న పోయాడు, తల్లి పోయింది, మేనమామా లేడు. తమ్ముడికి కళ్ళద్దాలొచ్చాయి. ఊరూ మారింది. ఇప్పుడు బస్సులో పక్కన కూర్చున్నవాళ్ళు కూడా డిప్రెషన్‌కు మందులు వాడుతున్నామని దాచుకోకుండా చెబుతారు, వెనక అర్రలో మనిషిని పెట్టి పట్నం పోయాడనేవాళ్ళు తగ్గారు. దవాఖానలో ఒక చిన్న వయసు అమ్మాయి వరసగా ప్రశ్నలడిగి జవాబులు కంప్యూటర్లో ఎక్కిస్తుంది, నాకంటే బాగానే చేస్తుంది. ఇంత మంచి జరిగాక కూడా నాకు ఆ అద్దె గది, ఆ నిలబడని కొవ్వొత్తులు ఎందుకు గుర్తొస్తాయో తెలియదు. బహుశా ఆలస్యంగానైనా నేర్చుకున్న ఒకరినొకరు అడగడం తప్ప అప్పుడు మా దగ్గర వేరే సరంజామా లేకపోవడం వల్లనేమో.

నేను పాత రెండో కుర్చీలోనే కూర్చున్నాను, దాన్ని ఇంకా తీసేయలేదు. తమ్ముడు గదవ మీది గాటు చూశాడు. నా కుడిచేయి పట్టుకుని, అది గజగజలాడటం చూశాడు.

"గోళీలు ఏస్కుంటుండ్రా సారూ?"

నాలుగు రోజులుగా వేసుకోవడం లేదు. మత్తుగా ఉంటుందని మానేశాను, ఇంట్లో ఎవరికీ తెలియకుండా పట్టీని జేబులోనే తిప్పుతున్నాను. జీవితమంతా ఊరి చేత మందులు మింగించిన మనిషిని, ఆ కుర్చీలో కూర్చుని అబద్ధం చెప్పలేకపోయాను. తమ్ముడు తిట్టలేదు. నా జేబులోని గోళీల పట్టీ తీయించి, గ్లాసుతో నీళ్ళిచ్చి, నేను మింగేదాకా నిలబడ్డాడు. రేపే డాక్టరుకు మత్తు సంగతి చెప్పమన్నాడు. ఆ తరువాత నురగ పూసి, కత్తి తీశాడు. అద్దంలో చూశాను. అతని చేయి కొద్దిగా, ఎప్పటిలాగే, వణుకుతోంది. నేను నిశ్చింతగా కళ్ళు మూసుకుని మెడ ఎత్తాను.