అజాన్ తర్వాత విన్న గొంతు

2008 చలికాలం. మస్కట్‌లో సముద్రం ఒడ్డునున్న ఒక హోటల్లో నేను సౌండ్ ఆపరేటర్‌ని. జగిత్యాలలో పెళ్లిళ్ల ఆర్కెస్ట్రా దగ్గర నేర్చుకున్న పనే. ఇక్కడ మిక్సర్ పెద్దది, అంతే. ఒక్కో మైకు శబ్దాన్ని విడిగా పెంచి తగ్గించే యంత్రమే మిక్సర్.

ఆ వారం ఒక అమెరికన్ పాప్ గాయని వచ్చింది. పేరు చెప్పను గానీ, పడుచుతనంలో ఆమె రికార్డులు దేశదేశాలు తిరిగాయట. తర్వాత కొత్త గొంతులొచ్చాయి, రికార్డు కంపెనీలు మొహం చాటేశాయి. స్టేడియాలు నింపిన మనిషి హోటళ్లలో భోజనాల మధ్య పాడుతోంది. వయసు డెబ్బైకి దగ్గర పడింది.

సాయంత్రం సౌండ్ చెక్‌లో, అంటే ప్రోగ్రామ్‌కు ముందు మైకులు సరిచూసుకునేటప్పుడు, బ్యాండ్ వాళ్లు పాత రికార్డు శ్రుతే ఎత్తుకున్నారు. పైస్థాయిలో ఆమె గొంతు చీలింది. మళ్లీ పాడింది, మళ్లీ చీలింది. మా మేనేజర్ ఆమె ముందే తేల్చేశాడు. "సీడీ వేస్తాం మేడమ్, మీరు పెదాలు కదిపితే చాలు. లేదంటే ప్రోగ్రామ్ క్యాన్సిల్." నావైపు తిరిగి, "ఉస్కా మైక్ బంద్ రఖ్నా" అన్నాడు, ఆమె మైకు ఆపి ఉంచమని.

నాకు ఒళ్లు మండింది. లైట్లు చూసే మల్లన్న నన్ను పక్కకు లాగాడు. "మనకెందుకే అన్నా? చెప్పింది చేసి రూమ్‌కు పోదాం."

అంతలో మగ్రిబ్ అజాన్, పొద్దుగూకే వేళ నమాజుకు పిలుపు, వినిపించింది. అజాన్ వేళ మేం సిస్టమ్ మొత్తం ఆపేస్తాం. ఆపేశాను. అందరూ చాయ్‌కి వెళ్లారు. అజాన్ ముగిసింది, నేనింకా స్విచ్ వేయలేదు. స్టేజీ అంచున ఒంటరిగా కూర్చున్న ఆమె, మైకు లేకుండా, తన కోసమే అదే పాట అందుకుంది. కిందిస్థాయిలో, నిదానంగా. అంత నిండు గొంతు నా స్పీకర్లలో ఎన్నడూ వినలేదు.

వచ్చీరాని ఇంగ్లీషులో అడిగేశాను. "మేడమ్, ప్రోగ్రామ్‌లో ఇలాగే పాడండి."

"జనం నా రికార్డు కోసం వస్తారు బాబూ. ఇది ముసలి గొంతు."

"రికార్డు వాళ్ల ఇళ్లలో ఉంది మేడమ్. మీరు ఈ ఒక్క పూటే ఉంటారు."

ఆమె లేచి మిక్సర్ దగ్గరకొచ్చింది. "మైకు ఆపవు కదా?"

"ఆపను."

చాయ్ తాగి వచ్చిన బ్యాండ్ చేత తానే శ్రుతి దించించింది. మా పెళ్లిళ్లలో గొంతు బాగోకపోతే ప్రతిధ్వని కలిపే ఎకో గుమ్మరించేవాళ్లం. ఆ రాత్రి ప్రోగ్రామ్‌లో చుక్క ఎకో వేయలేదు. మేనేజర్ పక్కనే నిలబడి "సీడీ, సీడీ" అని గొణుగుతున్నా నేను చెయ్యి కదపలేదు. మొదటి చరణానికే చెంచాల చప్పుడు ఆగిపోయింది. పాట అయ్యేసరికి జనమంతా లేచి నిలబడి చప్పట్లు. ఇంకో పాట, ఇంకో పాట అంటూ వదల్లేదు. మేనేజరైతే ఐడియా అంతా తనదేనని అతిథులకు చెప్పుకుంటున్నాడు.

"ముసలమ్మ దుమ్ము లేపింది గదనే!" అని మల్లన్న ఈల వేశాడు. అటు స్టేజీ మీద ఆమె నావైపు చెయ్యి చాపి, మైకును ముద్దు పెట్టుకుంది. నేను ఏడ్చేశాను.

ఇప్పటికీ ఎంత పెద్ద గాయకులొచ్చినా నేను ముందే స్విచ్ వేయను. "ఒక్కసారి ఊరికే పాడండి, వింటాను" అంటాను.