కంట్లో బొగ్గు

బళ్ళారిలో బండెక్కిన అన్నదమ్ములిద్దరు నా ఎదుట కూర్చున్నారు. తమ్ముడి ఒడిలో ఆడమనిషి బట్టల మూట ఉంది.

"వీని పెండ్లాము ఆస్పత్రిలో పోయినాదప్పా. ఈడే మట్టి చేసి పోతాండాము" అన్నాడు అన్న, వేరుశనగ ధర చెప్పినట్టు.

బండి కదిలాక తమ్ముడు కిటికీలోంచి తల బయటికి పెట్టి, ముఖం ఇంజను వైపు తిప్పుకున్నాడు. కాసేపటికి అతని కళ్ళు ధారగా కారసాగాయి.

"ఏందిరా అది?"

"బొగ్గు పడిందన్నా."

"అంతే గదా. పెండ్లాము కోసరం మగోడు ఏడిస్తే ఊర్లో తలెత్తుకోలేము."

ఆ బొగ్గింజన్ల రోజుల్లో రైలెక్కినవాళ్ళందరికీ కంట్లో బొగ్గునలుసు పడేది. నేను తువ్వాలు కొసను ఉండగా చుట్టి, నోటి ఆవిరి పట్టి, అతని రెప్ప విప్పి చూశాను. నలుసు లేదు. రెండో కంట్లోనూ లేదు.

అతను నా మణికట్టు పట్టుకున్నాడు.

"ఉండాదని చెప్పప్పా" అన్నాడు, నాకొక్కడికే వినబడేలా.

"ఉండాది. బాగా లోపలికి పోయింది" అన్నాను గట్టిగా.

వాళ్ళ స్టేషన్ వచ్చేదాకా అద్దుతూనే ఉన్నాను. తువ్వాలు సగం తడిసింది. బండి ఆగగానే "సాలప్పా, పోయింది" అని ముఖం తుడుచుకుని, మూట చంకన పెట్టుకుని, అన్న వెనక దిగిపోయాడు.

పోయినేడు మా ఆవిడ కర్మలు ముగించుకుని అదే దారిన తిరిగొస్తున్నాను. ఎదురుగా కొడుకులు కూర్చుని నన్నే చూస్తున్నారు. కిటికీ తెరిచి ముఖం బయటికి పెట్టాను.

ఇప్పుడన్నీ కరెంటు బండ్లు. గుంతకల్లు దాకా కంట్లో ఏమీ పడలేదు.