ఆసిడ్ మేడం పరాయి కొలువు

ఆసిడ్ మేడం అంటే ఆ బడిలో తెలియనివాళ్ళు లేరు. పిల్లలు చాటుగా పెట్టుకున్న పేరు అది. రసాయనశాస్త్రం చెబుతుంది కాబట్టి కొంత, నాలుకకు పదును ఎక్కువ కాబట్టి కొంత. సీసా మూత తీసి నేరుగా వాసన చూసే పిల్లాణ్ణి పట్టుకుని, "ముక్కు నీదే నాయనా, మళ్ళీ మొలవదు" అనేది. ఆ పేరు ఆమె చెవిన పడింది కూడా. పడినందుకు లోలోపల మురిసిపోయింది.

భర్తదీ అదే బడి, అదే సబ్జెక్టు. ఆయన్ని నిదానం సారు అనేవారు. మెత్తని మనిషి. ఒక్క సమీకరణం పూర్తిచేసేలోగా బోర్డుకు ఈ చివరి నుంచి ఆ చివరికి మూడుసార్లు నడిచేవాడు. మర్నాటి పాఠంలో తనకు కొరుకుడు పడనిది ఏదైనా ఉంటే సాయంత్రం టీ తాగుతూ భార్యను అడిగేవాడు. ఆమె కూర తరుగుతూనే చెప్పేది. పదహారేళ్ళ కాపురంలో అదీ ఒక భాగమైపోయింది.

కూతురు హాస్టల్లో చేరాక ఇల్లు బోసిపోయింది. అప్పుడే సముద్రాల అవతలి బడి ఒకటి రసాయనశాస్త్రానికి ఇద్దరు టీచర్లు కావాలనీ, భార్యాభర్తలైతే మరీ మంచిదనీ ప్రకటించింది. ఇద్దరూ దరఖాస్తు పెట్టారు. కంప్యూటర్ ముందు కూర్చుని ఒక్కొక్కరూ ఇరవై నిమిషాల పాఠం చెప్పి చూపించాలన్నారు. ముందురోజు నుంచే ఆయన తన పాఠం రాయడం, చింపడం, మళ్ళీ రాయడం. చూడలేక ఆమె తన పాఠం ఆయనకిచ్చేసింది. గ్లాసెడు నీళ్ళలో చిటికెడు ఉప్పు వేసి, ఆ ఉప్పు ఎక్కడికి పోయిందో పిల్లల నోటే చెప్పించే పాఠం. పంతొమ్మిదేళ్ళుగా అరగదీసి గంధం తీసిన పాఠం. ఎక్కడ ఆగాలో, ఎక్కడ నవ్వాలో కూడా నేర్పింది. తను అప్పటికప్పుడు మరో పాఠం అల్లుకుంది.

"మనలో మనకేముందండీ, ఇద్దరం వెళ్ళేది ఒకచోటికేగా" అంది.

ఉత్తరప్రత్యుత్తరాలన్నీ ఆయనే చూసుకున్నాడు. ఇద్దరికీ ఉద్యోగం వచ్చిందని ఒక సాయంత్రం చెప్పాడు. చెప్పేటప్పుడు ఆమె మొహం వంక చూడలేదు. సిగ్గనుకుంది. కాగితాల కట్ట ముందు పెట్టి సంతకాలు చెయ్యమంటే, గుర్తు పెట్టిన చోటల్లా చేసేసింది. పర్మనెంటు ఉద్యోగానికి రాజీనామా ఇచ్చింది. ప్రయాణానికి ముందు ఆడబడుచు వచ్చి, సూట్‌కేసు మీద కూర్చుని జిప్పు లాగుతూ, "వదినా, అక్కడైనా మా అన్నయ్యను కాస్త ముందు నడవనివ్వు" అంది. అందరూ నవ్వారు. ఆమె అందరికంటే గట్టిగా నవ్వింది.

విమానంలో కిటికీ సీటు ఆమెకే ఇచ్చాడు. తన పళ్ళెంలోది ముట్టలేదు. మొదటిసారి విమానం కదా, భయపడుతున్నాడనుకుని ఆయన చెయ్యి పట్టుకుని కూర్చుంది. దారంతా మొదటి క్లాసు దేనితో మొదలుపెట్టాలా అన్నదే ఆలోచన.

మర్నాడు ప్రిన్సిపాల్ బడంతా తిప్పి చూపించింది. ప్రయోగశాల చూడగానే ఆమెకు ప్రాణం లేచొచ్చింది. బల్లబల్లకూ గ్యాసు, బల్లబల్లకూ కుళాయి, చీటీ చెరగని సీసాలు. అక్కడి తాళంచెవి ప్రిన్సిపాల్ ఆయన చేతిలో పెట్టింది. తర్వాత ఆమెను మెట్లు దింపి, ఆట స్థలం దాటించి, వేరే భవనంలోకి తీసుకెళ్ళింది. జానెడు ఎత్తు కుర్చీలు, గోడకు వరసగా చిన్న చిన్న కోట్లు, పాలవాసన. ఒక ఏప్రన్ అందించింది. పొరపాటు పడుతున్నారని ఆమె నవ్వుతూనే చెప్పింది. ప్రిన్సిపాల్ నవ్వలేదు. రెండో పోస్టు రద్దయిందనీ, ఉప్పు పాఠం చెప్పినవారినే పెద్ద క్లాసులకు తీసుకున్నామనీ, రెండోవారికి శిశు తరగతిలో సహాయకురాలి పని ఇస్తామని రెండు నెలల కిందటే రాశామనీ వివరంగా చెప్పింది. మీకు సమ్మతమేనని మీవారు మూడోరోజే జవాబిచ్చారు కదా అని కాగితం కూడా చూపించింది.

ఆయన వరండాలో నిలబడి ఉన్నాడు.

"చెబితే నువ్వు రావనుకున్నాను" అన్నాడు.

"రాను. అందుకే చెప్పాల్సింది."

వెనక్కి పోదామంటే అక్కడ ఆమె కుర్చీలో అప్పటికే వేరొకరు కూర్చున్నారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఏప్రన్ కట్టుకుంది.

ముక్కులు తుడిచింది, బూట్ల తాళ్ళు కట్టింది, ఒలికిన పాలు గుడ్డపెట్టి ఎత్తింది. ఆ పసివాళ్ళ మీద ఆమెకు కోపం రాలేదు. వస్తే కాస్త తేలికయ్యేదేమో. మధ్యాహ్నం పూట తలుపు అద్దంలోంచి ప్రయోగశాల కిటికీలు కనిపించేవి. ఆయన అటూ ఇటూ నడుస్తూ ఉండేవాడు.

సాయంత్రాలు మామూలుగానే సందేహాలు తెచ్చేవాడు. మూడు నెలలు అలవాటుకొద్దీ చెప్పింది. ఒకరోజు మాత్రం, "ఆ పాఠం నాకు గుర్తులేదు" అంది. అబద్ధమని ఇద్దరికీ తెలుసు. ఆయన మళ్ళీ అడగలేదు. పుస్తకాలు తెచ్చుకుని, వేలు పెట్టి చదువుకుంటూ, నిదానంగానే అయినా నేర్చుకున్నాడు. ఆ సంగతి ఆమెను ఇంకా కాల్చింది.

రెండో ఏడు పెద్ద క్లాసుల సైన్సు టీచరొకామె మానేసింది. ఆసిడ్ మేడం దరఖాస్తు పెట్టుకుంది. వారం తిరగకుండానే కాదన్నారు. ఆ సాయంత్రం ఆయన వంటింటి గుమ్మంలో నిలబడి, ప్రిన్సిపాల్ తన అభిప్రాయం అడిగిందని తనంతట తనే చెప్పాడు.

"ఏమన్నారు?"

"నువ్వు చిన్నపిల్లలకు అలవాటు పడిపోయావన్నాను."

ఆమె స్టవ్ కట్టేసింది. ఎందుకలా అన్నారని అరవకుండానే అడిగింది.

ఆయన గుమ్మం చెక్క గోకుతూ అన్నాడు. "అక్కడ పదహారేళ్ళు మేడం గారి భర్తగానే బతికాను. ఇక్కడ నన్ను సారంటున్నారు. నువ్వా గదిలోకొస్తే మళ్ళీ నీ మొగుణ్ణే అవుతాను."

ఆయన చెప్పింది నిజమేనని ఆమెకు అర్థమైంది. పాత బడి స్టాఫ్ రూములో అందరూ ఆయన్ని దాటుకుని తన దగ్గరికొచ్చి సందేహాలడగడం, ఆయన పేపరు మొహానికి అడ్డం పెట్టుకోవడం, అది చూసి తాను చూడనట్టు ఉండటం, అన్నీ కళ్ళముందు కదిలాయి. కానీ అర్థమవడం వేరు, అరగడం వేరు.

రెండేళ్ళ ఒప్పందం ముగిసిన వారానికి ఒంటరిగా విమానమెక్కింది. ఆయన విమానాశ్రయం దాకా వచ్చి పెట్టెలు దింపాడు. ఉండమని అడగలేదు. అడిగితే ఉండేదీ కాదు. ఇప్పుడు ఆదివారాలు ఫోన్లో బీపీ మాత్రల గురించి, కూతురి పరీక్షల గురించి మాట్లాడుకుంటారు. విడిపోయారా అని ఆడబడుచు ఒకసారి అడిగితే, "లేదు, ఉద్యోగాలు వేరయ్యాయి" అంది.

పాత బడిలో చోటు లేదు. ఊరి చివర కొత్తగా పెట్టిన చిన్న కాలేజీలో తాత్కాలికంగా తీసుకున్నారు. తన దగ్గర చదువుకున్నవాడే అక్కడ పెద్ద. ఆమె రాగానే లేచి నిలబడ్డాడు, ఆ తర్వాత కూర్చుని టైంటేబుల్ చేతికిచ్చాడు.

మొదటి క్లాసులో మెగ్నీషియం మండటం గురించి మొదలుపెట్టింది. కళ్ళు మూసుకుని రాయగల సమీకరణం. సగం రాసి ఆగిపోయింది. సుద్దముక్క పట్టి రెండేళ్ళు దాటింది. ఏదో ఒక అంకె వేసి ఇటు తిరిగేసరికి, రెండో బెంచీలోని అమ్మాయి మొహమాటంగా లేచింది.

"మేడం, అక్కడ రెండుండాలేమో."

ఆమె వెనక్కి తిరిగి చూసుకుంది. ఉండాలి. డస్టర్ కోసం బల్లంతా వెతికి, కనబడక, అరచేత్తోనే తుడిచి, రెండు వేసింది.